తడి సున్నం కింది పాదం

సున్నం కొట్టే పని చేసినవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. కుంచెతో పూసేటప్పుడు సున్నం తెల్లగా ఉండదు, నీళ్లలా ఉంటుంది. గోడ మీద మసి ఉంటే మసి, మరక ఉంటే మరక అట్లాగే కనిపిస్తుంది. ఆరిన తర్వాతే తెలుపు పైకి వస్తుంది. పనికి కొత్తవాళ్లు మరక పోలేదనుకొని తడి మీదే ఇంకో పూత వేస్తారు, పక్కవాళ్లు నవ్వుతారు. ఆరేళ్లు ఆ పని చేసిన నేను కూడా ఒకసారి తడి మీద తడి పూశాను. తెలియక పూయలేదు. అదే ఇప్పుడు రాస్తున్నాను. మిషన్ బడిలో నాలుగు వరకే చదివిన దాన్ని. రాసిన ముక్క మళ్లీ చదివితే కొట్టేయాలనిపిస్తున్నది. కొట్టేయను.

డెబ్బైల మొదట్లో మాట. మేము రుద్రారంలో ఉండేవాళ్లం. మా ఇంటాయన మేస్త్రీ. పటాన్‌చెరు దిక్కు కొత్త ఫ్యాక్టరీలు కడుతుంటే ఆయనకు అక్కడ పని. నాకు సంగారెడ్డిలో ఇళ్లకు సున్నం కొట్టే పని. పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం ఆఖరి బస్సుకు వచ్చేదాన్ని. ఇంట్లో రెండేళ్ల పిల్ల. చూసుకునే మా అత్తకు రేచీకటి. పొద్దు మునిగితే పొయ్యి ఎక్కడుందో, పిల్ల ఎక్కడుందో ఆమెకు కనపడదు. అందుకని ఆ బస్సు తప్పకూడదు.

సంగారెడ్డిలో పటేలమ్మ అని అందరూ పిలిచే ఆమెకు పెద్ద ఇల్లు ఉండేది. వెనక వైపు పొడుగాటి అర్రను హైస్కూల్లో బొమ్మలు నేర్పే సారుకు కిరాయికి ఇచ్చింది. ఆయన కాపురం వేరే చోట. ఈ అర్రలో బొమ్మలు మాత్రమే వేసుకునేవారు. అందరూ డ్రాయింగ్ సార్ అనేవాళ్లు. నేను ఆయనను దూరం నుంచే చూశాను, ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక శుక్రవారం పటేలమ్మ ఆ అర్రకు సున్నం కొట్టమని పిలిచింది.

"నాలుగు గోడలూ కొట్టాలె. ఒక్క మూల ఇడిసినవనుకో, మల్లొక్కసారి పిలుస్త, మల్లొచ్చి కొడ్తవ్."

"సార్ సామానున్నది గదా పటేలమ్మా?"

"సామానా అది! అట్టలు, గుడ్డలు. ఒక దిక్కు జరుపు. ఆదివారం ఎవలో పెద్దసార్లొస్తున్నరట, ఎగ్జిబిషనట. నా ఇంట్ల ఎగ్జిబిషన్! పులి గిట్ల తెస్తవా నాయినా అని అడిగిన. బొమ్మలేనమ్మా అన్నడు."

ఎండకు రంగులు చెడతాయని సార్ కిటికీలకు గోనెసంచులు కట్టి ఉంచారు. నేను ఒక కిటికీ తీసి, మూడు గోడలు మధ్యాహ్నానికే కొట్టేశాను. నాలుగో గోడ దగ్గరికి పోవాలంటే, అక్కడ దుప్పటి కప్పి పెట్టిన బొమ్మలు జరపాలి. జరుపుతుంటే దుప్పటి జారింది.

పైనున్న బొమ్మలో బస్సు కోసం నిలబడిన మనుషులు. ముఖాలు లేవు. కళ్లూ ముక్కూ ఏమీ గీయలేదు. అయినా బస్సు లేటయిందని తెలుస్తున్నది. ఒకామె చంకలో పిల్లను ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకుంటున్నది. నేను రోజూ అట్లా నిలబడేదాన్ని. నన్ను ఎవరైనా చూస్తారని, చూసి గీస్తారని ఎప్పుడూ అనుకోలేదు. బొమ్మంటే నాకు దుకాణం వాళ్లిచ్చే క్యాలెండర్, చర్చిలో గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు, అంతే తెలుసు. ఒకటి తర్వాత ఒకటి అన్నీ తిరగేసి చూశాను. ఎంతసేపు చూశానో తెలియదు. బకెట్‌లో సున్నం పేరుకొని కిందికి దిగింది. కిటికీలో వెలుతురు పసుపు రంగుకు మారింది.

అప్పుడు గాభరా పడి నాలుగో గోడకు నిచ్చెన వేశాను.

గోడ మీద జాజుతో, అంటే ఎర్రమన్నుతో, అడ్డంగా నిలువుగా గీతలున్నాయి. మా ఇంటాయన వాళ్లు దారానికి జాజు పూసి గోడకు లాగి కొడతారు, తిన్నటి గీత పడుతుంది. దాన్ని బట్టి అలమార్లు కడతారు, ఇటుక పేరుస్తారు. ఇవీ అట్లాంటివేనని, ఆ తగ్గిన వెలుతురులో సరిగా చూడకుండానే పై సగం కొట్టేశాను. నిచ్చెన దిగి కింది సగానికి వచ్చాక ఆ చదరాల మధ్యలో వంకర గీతలు కనిపించాయి. అక్కడొక పాదం ఉంది.

ఆడమనిషి పాదం. మడమ పైకి లేచి ఉంది. బరువంతా వేళ్ల మీద ఉంది. చిటికెన వేలు పక్కకు తెరుచుకుంది. మడమ మీద ఒక పగులు. నేను నా కాలు చూసుకున్నాను. నిచ్చెన మీద చెయ్యి అందనప్పుడు నా కాలూ అట్లాగే లేస్తుంది.

అది మేస్త్రీ గీత కాదని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. పటేలమ్మను పిలిచి అడగవచ్చు. అడిగితే ఆమె సారుకు కబురు పంపుతుంది, ఆయన వచ్చేదాకా నేను ఉండాలి. బస్సు పోతుంది. పై సగం ఎట్లాగూ పోయింది, ఇంక ఏం మిగిలిందిలే అనుకున్నాను. కుంచె ముంచి పాదం మీద లాగాను.

తడి సున్నం కింద ఆ పాదం ఇంకా ఎర్రగా, ఇంకా స్పష్టంగా కనిపించింది. ఆరితే పోతుందని నాకు తెలుసు. అయినా దాన్ని చూస్తూ పని చేయలేకపోయాను. ఆ చోటు మీద ఇంకో పూత, మందంగా, అది కనిపించనంతగా పూశాను. మిగిలిన గోడ గబగబా కొట్టేసి, బకెట్ కడగకుండానే బస్సుకు పరుగెత్తాను.

కొట్టిన మరునాడు వచ్చి నేల మీద పడిన సున్నం చుక్కలు గీకి కడిగి పోవడం మా పని పద్ధతి. శనివారం పొద్దున నేల కడుగుతుంటే సార్ వచ్చారు. చేతిలో రంగుల డబ్బాలు, చంకలో కాగితం చుట్ట. గడప దగ్గరే ఆగిపోయారు.

గోడ పాలలా తెల్లగా ఉంది.

ఆయన డబ్బాలు కింద పెట్టారు. గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించారు. చెయ్యి తీసి చూసుకున్నారు. తెల్లగా అంటింది.

"ఈ గోడ ఎవరు కొట్టమన్నరు?"

పటేలమ్మ తమలపాకు నములుతూ గడపలోకి వచ్చింది. "నేనే. అర్ర మొత్తం కొట్టమన్న."

"ఈ ఒక్క గోడ ముట్టొద్దని మొన్న చెప్పిన గదమ్మా!"

"నువ్వు చెప్పినవో, నేను ఇన్ననో. ఎర్రెర్రగ గీతలుంటే గలీజుగ లేదా మల్ల? పెద్దసార్లొచ్చే ఇల్లాయె. తెల్లగ చేపిచ్చినా తప్పేనా?"

సార్ నా వైపు తిరిగారు. "గోడ మీద బొమ్మ ఉండె. నీకు కనవడలేదా అమ్మా?"

నా చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని పిండుతూ నిలబడ్డాను.

"కనవడలే సార్. చీకటైంది. మేస్త్రీ గీతలనుకున్న."

సగం నిజమే. ఆ సగాన్ని పట్టుకొని నిలబడ్డాను.

ఆయన అరవలేదు. నా బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. అరిచి ఉంటే బాగుండేది. తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పారు. పటాన్‌చెరు దగ్గర కట్టే ఫ్యాక్టరీ నుంచి ఒక ఆఫీసర్ రేపు పది గంటలకు వస్తాడు. గేటు పక్క పెద్ద గోడ మీద బొమ్మ వేయించాలని వాళ్ల ఆలోచన. పెద్ద గోడ మీద గీయగలరో లేదో చూసి చెబుతానన్నాడు.

"పదేండ్ల సంది పిల్లల పలకల మీద గీస్తున్న. ఒక్క గోడ దొరుకుతదనుకున్న."

"కాయితం మీద లేదా నాయినా?" అంది పటేలమ్మ, కొంచెం తగ్గి.

"చిన్నది ఉన్నది. గోడ మీద సగం మార్చిన. నెల రోజుల పని. ఒక్క రోజుల ఏడికెల్లి తెద్దు?"

నేను బయటికి పోయాను. ఆయన నేను పారిపోతున్నాననుకొని ఉంటారు. నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. తొట్టిలో నీళ్లు చెంబుతో తెచ్చి, గోడ మీద ఒక చోట చల్లాను.

"సార్, జెర ఇటు సూడుండ్రి."

తెలుపు పలచబడింది. దాని కింద ఒక ఎర్ర గీత మెల్లగా తేలింది. దాని పక్కన ఇంకొకటి. ఒక బుట్ట అంచు, దాన్ని పట్టుకున్న చెయ్యి. జాజులో బంక కలిపి గీశారట, అందుకని కుంచె లాగినా చెదరలేదు.

సార్ లేచి వచ్చారు. చూస్తుండగానే గీతలు మళ్లీ మసకబారి తెలుపులో మునిగాయి.

"ఇంకోసారి," అన్నారు.

"ఎండకాలం సార్, జల్దీ ఆరుతది. నేను తడుపుకుంట పోత, మీరు దిద్దుకుంట రాండ్రి."

ఆయన జాజు కలిపారు. మొదట్లో నీళ్లు ఎక్కువై, దిద్దిన గీత ఏడ్చినట్టు కిందికి కారింది. చెంబు పక్కన పెట్టి తడిగుడ్డ అద్దడం మొదలుపెట్టాను. అద్దితే కారలేదు. కానీ అద్దిన చోటు పది గీతలు దిద్దేలోపు ఆరిపోయేది. నేను అద్దాలి, ఆయన గీయాలి, నేను పక్కకు జరగాలి. ఎవరు ఒక్క నిమిషం ఆలస్యం చేసినా గీత పోతుంది. గోనెసంచులన్నీ విప్పేశాం. మధ్యాహ్నం తినలేదు. పటేలమ్మ రెండుసార్లు చాయ తెచ్చి, రెండుసార్లూ చల్లారినాక తిట్టుకుంటూ తీసుకుపోయింది.

అట్లా నేను ఆ బొమ్మను గుడ్డ అంత, గుడ్డ అంత చూశాను. అది వారం వారం జరిగే అంగడి. ఒక ముసలామె వీపు మొత్తం ఒక్క గీతే, ఎక్కడా ఎత్తకుండా. తక్కెడ ఎత్తి పట్టుకున్న మనిషి మోచెయ్యి. అమ్ముడుపోని వంకాయల ముందు కూర్చున్నామె మెడ. ఒక గీత పైకి తేలేముందు, ఇది ఎటు వంగుతుందో అని నాలో నేనే అనుకునేదాన్ని. కొన్నిసార్లు సరిపోయేది. సరిపోయినప్పుడు గుండె ఎందుకు అట్లా కొట్టుకునేదో నాకు అప్పుడు తెలియలేదు.

సాయంత్రమవుతుండగా కింది మూలకు వచ్చాం. బొమ్మ మధ్యలో నిలబడి, నిండు బుట్టను నెత్తి మీదికి ఎత్తుకుంటున్న ఆడమనిషి. చేతులు వచ్చాయి, నడుము వచ్చింది, చీర కుచ్చిళ్లు వచ్చాయి. పాదం దగ్గర గుడ్డ అద్దాను. ఏమీ రాలేదు. ఇంకా తడిపాను. తెల్లగానే ఉంది.

"ఈడ ఎందుకు వస్తలేదు?"

నేను గుడ్డను మళ్లీ నీళ్లలో ముంచాను. పటేలమ్మ వంగి గోడను గోటితో గీకింది. ఎన్నో ఏళ్లుగా ఇంటికి సున్నం కొట్టించిన మనిషి.

"ఈడ మందంగున్నది నాయినా. రెండు పూతలు పడ్డయి. తడి మీద తడి కొట్టినవా ఏందే? ఇన్నేండ్లు పనిజేసి ఇదేం పని?"

"చీకట్ల తెల్వలే," అన్నాను. అది రెండో అబద్ధం.

సార్ గుర్తున్నంత గీశారు. వెనక్కి జరిగి చూసి తుడిచేశారు. మళ్లీ గీశారు. మళ్లీ తుడిచారు. మూడోసారి గీసినదీ పాదమే. వేళ్లున్నాయి, మడమ ఉంది. కానీ చెప్పుల దుకాణంలో పెట్టినట్టు ఊరికే ఉంది. పైన అంత బుట్ట గాలిలో వేలాడుతున్నట్టయింది.

"బరువు వస్తలేదు," అన్నారు. "ఆ రోజు అంగట్ల ఒకామెను సూసి వచ్చి ఒక్క ఊపుల గీసిన. ఇది లేకపోతే బొమ్మే లేదు. నడిమిట్ల ఇదే."

ఆయన గీసినదాన్ని నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కడ తప్పో నాకు కనిపిస్తూనే ఉంది. నోరు మూసుకొని ఉండాలనే అనుకున్నాను. ఎట్లా వచ్చిందో మాట బయటికి వచ్చింది.

"చిటికెన వేలు పక్కకుండె సార్. మడమ మీద పగులు ఉండె."

 పటేలమ్మ నమలడం ఆపింది.

సార్ కుంచె దించారు. "కనవడలేదంటివి."

"కనవడ్డది."

"సూసి కొట్టినవా?"

"సూసే కొట్టిన సార్. బస్సు పోతదని కొట్టిన. తడిల కనిపిస్తుంటే ఓర్వలేక మల్లొక పూత కొట్టిన."

ఆయన కుంచె డబ్బాలో పెట్టి బయటికి పోయారు. వాకిట్లో చెప్పుల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ లేదు. పటేలమ్మ నా ముఖంలోకి చూసి, "చెప్పకపోతే ఏమాయె పిల్లా? ఎవలకు తెలుస్తుండె?" అంది. నిజమే. ఎవరికీ తెలియకపోయేది. నా చేతుల్లో గుడ్డ ఆరిపోతున్నది. ఎందుకో దాన్ని మళ్లీ ముంచి, పాదం ఉన్న చోటు చుట్టూ అద్దుతూ ఉన్నాను. ఆయన రాకపోయినా చీర కుచ్చిళ్లు ఆరిపోకుండా.

తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖం కడుక్కొని ఉన్నారు. నేరుగా వచ్చి కుంచె నా ముందు పెట్టారు.

"సూసినవ్ గదా. నువ్వే గీయి."

"నాకు రాదు సార్. ముగ్గు కూడ సక్కగ రాదు."

"కొట్టొచ్చె గదా, గీయరాదా?"

అది కోపమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కుంచె తీసుకున్నాను. సున్నం కుంచె పిడికిలితో పట్టిన చేతిలోంచి ఆ సన్నటి కుంచె జారిపోతున్నది. నా ఎడమ పాదం మడమ ఎత్తి నేలకు నొక్కాను. వేళ్లు తెల్లబడేదాకా నొక్కాను. దాన్ని చూశాను, నిన్న చూసినదాన్ని తలుచుకున్నాను, గోడ మీద గీత లాగాను. వంకర పోయింది. మళ్లీ లాగాను. బయట పటేలమ్మ, "బస్సు యాళ్లయితుంది!" అని అరిచింది. నిన్న ఇదే వేళకు ఇదే చోట ఉన్నాను. చిటికెన వేలు గీశాను. మడమ గీశాను. పగులు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టాను.

"పగులు జెర కిందికి," అన్నారు సార్. అంతే.

చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తాను. కదులుతున్న బస్సును కండక్టర్ ఆపించి, నా చేతులు చూసి, "నెత్తురేంది తల్లీ?" అన్నాడు. "జాజు," అన్నాను. ఇంటికి పోయేసరికి ఇంకా చీకటి పడలేదు. పిల్ల మా అత్త ఒళ్లోనే ఉంది.

ఆదివారం చర్చి మాని సంగారెడ్డి పోయాను. మూడు గోడలకు బొమ్మలు వేలాడుతున్నాయి. హైస్కూలు సార్లు వచ్చారు, వీధిలో ఆడవాళ్లు తొంగిచూసి నవ్వుకుంటూ పోయారు. పటేలమ్మ కొత్త చీర కట్టి, "గోడ మాదే," అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. పది దాటినాక జీపు ఆగింది. ఆఫీసర్ పొడుగాటి మనిషి, తెలుగు కొంచెమే వచ్చు. చేతులు వెనక కట్టుకొని అన్నీ చూశాడు. నాలుగో గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను తలుపు పక్కన గోడకు అతుక్కుపోయాను. ఆఫీసర్ చూపు పాదం మీదికి పోయినప్పుడల్లా నా కాలు లోపలికి లాక్కున్నాను.

"మిషిన్ ఏది?" అన్నాడు. "ఫ్యాక్టరీకి బజార్ బొమ్మ ఎందుకు?"

సార్ ఒక అడుగు ముందుకు వేశారు. "మీ ఫ్యాక్టరీ కడుతున్న జాగల్నే ఈ అంగడి కూడేది సార్."

ఆఫీసర్ గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు. బుట్ట ఎత్తుకునే ఆమె మీద వేలు పెట్టి, వేలికి సున్నం అంటితే రుమాలుతో తుడుచుకున్నాడు. "అచ్ఛా," అని జీపెక్కి పోయాడు.

వానలు పడేదాకా ఏ కబురూ రాలేదు. ఆ రోజుల్లో నేను ఎక్కడ పనికి పోయినా గోడల కంటే మనుషుల కాళ్లూ చేతులే ఎక్కువ చూశాను. బొగ్గుముక్కతో మా వంటింటి గోడ మీద గీసేదాన్ని. మా అత్త నడుము, పొయ్యి ఊదే ముఖం, పిల్ల నిద్రపోయిన తీరు. గోడ నిండితే నేనే సున్నం కొట్టి తుడిచేసేదాన్ని, మళ్లీ గీసేదాన్ని. శనివారాలు నేల కడిగే వంకతో సార్ అర్రకు పోయి, కొత్తగా ఏం వేశారో చూసి వచ్చేదాన్ని. ఆ శుక్రవారం మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

చివరికి కబురు వచ్చింది. గేటు గోడ కాదు, క్యాంటీన్ గోడ ఇచ్చారు. అందులో మిషిన్ కూడా గీయాలన్నారట. సార్ ఒప్పుకున్నారు. గోడకు సున్నం కొట్టడానికి నన్ను పిలిపించారు.

పటాన్‌చెరులో బస్సు దిగి నడిచి పోయాను. క్యాంటీన్ ఇంకా పూర్తి కాలేదు, లోపల వేరే ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు హిందీలో అరుచుకుంటూ ఇనుప దూలాలు మోస్తున్నారు. సార్ బయట చెట్టు కింద కాగితాలు పరుచుకొని ఉన్నారు. నిచ్చెన వేసి, కుంచె ముంచి ఎత్తాను. గోడకు ఆ చివర, నేలకు దగ్గరగా, జాజుతో ఒక చిన్న గీత ఉంది. తిన్నగా, జానెడు పొడుగు.

కుంచెను బకెట్‌లో పెట్టేశాను.

"సార్! ఈడ ఒక గీత ఉన్నది!"

ఆయన కాగితాలకు రాయి పెట్టి లేచి వచ్చారు. నా పక్కన గొంతుకూర్చొని ఆ గీతను చాలాసేపు చూశారు, అంతసేపు చూడాల్సింది అందులో ఏమీ లేకపోయినా.

"మేస్త్రీదే," అన్నారు. "కొట్టు."